అర మిల్లీమీటరు గీత, నేల మీద ఎంత?

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో గట్టు తగాదా ముదిరితే ముందు తీయించేది ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు, ఆ తర్వాత గ్రామ పటం. గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్క, అంటే 1:3,960. దాని మీద అర మిల్లీమీటరు మందం గీత నేల మీద దాదాపు 2 మీటర్లు. ఇద్దరు రైతులు కోర్టుకెక్కడానికి ఆ జాగా చాలు.

మైలుకు ఒక్క అంగుళం చొప్పున గీసిన పాత టోపోషీట్‌లో అదే గీత 32 మీటర్లు మింగేస్తుంది. 1914 నాటి మెక్‌మహాన్ రేఖ పటంలో 8 మైళ్లకు ఒక అంగుళం. అక్కడ అర మిల్లీమీటరంటే పావు కిలోమీటరు. భారత్, చైనాల పేచీలో ఆ పటం ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

గీత మందం ఒక్కటే చిక్కు కాదు. గీత తప్పు చోట పడితే? ఇది వెలిగొండ కింద ఉండేవాళ్లకు చప్పున అర్థమవుతుంది. నెల్లూరు, కడప జిల్లాలకు హద్దు ఆ కొండలే. నెత్తిన పడ్డ వాన కొంత ఇటు, కొంత అటు పోతుంది. డాంగ్రెక్ కొండల్లో కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) 1904లో ఒప్పుకున్నదీ ఇదే: నీరు చీలేచోటే హద్దు. ఫ్రెంచి అధికారులు 1907లో 1:2,00,000 స్కేలులో పటం తయారుచేశారు. అందులో కొండ కొమ్మునున్న పాత శివాలయం, ప్రీహ్ విహార్, కంబోడియా వైపు పడింది. నీటి గీత ప్రకారం గుడి మాదేనని థాయ్‌లాండ్ వాదన.

1962 జూన్ 15న అంతర్జాతీయ న్యాయస్థానం 9–3తో గుడి కంబోడియాదేనంది. పటాలు 1908లో అందినప్పుడు సయాం ఒక్క అభ్యంతరం చెప్పలేదు. పైగా సయాం హోంమంత్రి ప్రిన్స్ డామ్రాంగ్ కృతజ్ఞతలు చెప్పి, రాష్ట్ర గవర్నర్లకు పంచడానికి ఇంకో 15 ప్రతులు అడిగాడు. 1930లో ఆయనే గుడి చూడబోతే ఫ్రెంచి జెండా కింద ఫ్రెంచి అధికారి స్వాగతం పలికాడు. 1934–35 సర్వేలో తేడా బయటపడ్డాక కూడా థాయ్‌లాండ్ గుడిని కంబోడియాలో చూపే పటాలే అచ్చువేసింది. నా మట్టుకు నాకు ఈ కేసును తేల్చింది ఆ 15 ప్రతులే. నచ్చని పటానికి ఎవరైనా అదనపు ప్రతులు అడుగుతారా?

బుర్కినా ఫాసో, మాలి కేసులో 1986లో అదే కోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఒప్పందానికి జతచేసిన పటం వేరు, మిగతావి సాక్ష్యాల్లో ఒక సాక్ష్యం మాత్రమే. ఒంటరిగా పటం ఎవరికీ భూమి కట్టబెట్టదు.

మన దగ్గర ఇలాంటి పేచీ సాలూరు పక్కన కొఠియాది. దేశాల మధ్య కాదు, రాష్ట్రాల మధ్య. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. సర్వేకు అందని 21 కొండ గ్రామాలు వివాదంలో మిగిలిపోయాయి. 1968లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది, యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చింది. 2006లో హద్దు తేలకుండానే కేసు ముగిసింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. రెండు రాష్ట్రాలూ రేషన్ కార్డులిస్తున్నాయి, రెండూ ఓట్లు వేయిస్తున్నాయి. ప్రీహ్ విహార్ తీర్పు చదివిన లాయరు ఎవరైనా అక్కడ పటం కన్నా ముందు ఆ కార్డుల తేదీలే అడుగుతాడు.