నడుము నొప్పి - కృత్రిమ డిస్కు
మగ్గం అమ్మకముందు తెలిసికొనవలసిన సంగతులు

షోలాపురం మొదలు సేలం వరకు, భీవండి మొదలు బరంపురం వరకు, మనవారు ఏ ఊర స్థిరపడినా, నలుగురు నేతగాళ్లు కూడినచోట రెండు మాటలు తప్పవు. ఒకటి నూలు ధర. రెండవది నడుము నొప్పి.

గడచిన మాసంలో ఒక నేత సోదరుడు స్కానింగు కాగితం పట్టుకొని నా వద్దకు వచ్చినాడు. వయస్సు 42. ఇరువది ఏండ్లుగా గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తున్నాడు. "డిస్కు అరిగిందట అన్నా. అది తీసి కొత్తది వేస్తారట. ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేద్దామనుకుంటున్నా. అమ్మితే నడుం బాగవుతుందా?" అని అడిగినాడు.

నేను వైద్యుడను కాను. అయినను ఆ ప్రశ్న అతనిది ఒక్కనిదే కాదు గనుక, తెలిసికొన్న సంగతులను సోదరుల ముందుంచుతున్నాను.

డిస్కు అనగానేమి?

వెన్నెముకలోని పూసల నడుమ మెత్తల వలె అమరియున్నవే డిస్కులు. ఇవి మొత్తం 23. డిస్కు లోపలి భాగం నీటితో నిండిన జిగురు వంటిది. దాని చుట్టూ గట్టి నారపొరలు ఉన్నవి. ఒక పొరలోని నారలు ఒక వైపుకు ఏటవాలుగా ఉంటే, మరు పొరలోనివి ఎదురు వైపుకు వాలియుంటవి. పడుగు పేకల మర్మమెరిగిన మనకు ఆ అల్లిక బలం వేరే చెప్పనక్కరలేదు. అయితే పెద్దవారి డిస్కులకు రక్తప్రసారం బహు తక్కువ. అందువలన ఒకసారి చెడినది త్వరగా మానదు. కూర్చుండి ముందుకు వంగినప్పుడు డిస్కుపై ఒత్తిడి పెరుగునని కొలతలలో తేలినది. తెగిన పోగు అతుకునప్పుడు మనము కూర్చుండునది ఆ తీరుననే గదా!

పాత పద్ధతి, కొత్త పద్ధతి

చెడిన డిస్కును తీసివేసి, పై పూసను క్రింది పూసను ఒకటిగా అతికించుట పాత పద్ధతి. నొప్పి తగ్గవచ్చును గాని ఆ చోట కదలిక పోవును. పడుగులో కొన్ని పోగులు బిగిస్తే ప్రక్క పోగులపై లాగు పడినట్లు, ప్రక్క డిస్కులపై భారం పెరుగునని వైద్యుల శంక.

కదలిక నిలుపవలెనను ఆశతోనే కృత్రిమ డిస్కు పుట్టినది. స్వీడనులో ఫెర్న్‌స్ట్రోమ్ అను వైద్యుడు ఉక్కు గుండ్లను అమర్చి చూచినాడు. 1966లో ఆ ఫలితాలు ప్రకటించినాడు. కాని గుండ్లు ఎముకలోనికి దిగబడినవి. తరువాత తూర్పు బెర్లిన్‌లోని షారితే ఆసుపత్రిలో కుర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంట్స్ అను వైద్యులు పైన క్రింద లోహపు పలకలు, నడుమ జారెడు ప్లాస్టిక్ బిళ్ల గల డిస్కును రూపొందించినారు. 1984లో దానిని మొదటిసారి రోగికి అమర్చినారు. ఈమె 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణపతకాలు గెలిచిన జిమ్నాస్టు కావడం విశేషం. 2004లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చినది. ఆ నమూనా తరువాత సంతనుండి తొలగినది. వేరు నమూనాలు వాడుకలోనికి వచ్చినవి.

అందరికీ పనికివచ్చునా?

రాదు. ఈ శస్త్రచికిత్స వీపువైపు నుండి కాక పొట్టవైపు నుండి చేస్తారు. పెద్ద రక్తనాళాలను ప్రక్కకు జరుపవలసి ఉండును. అందు ప్రమాదం లేకపోలేదు. ఎముకలు గుల్లబారినవారికి, పూసల వెనుక కీళ్లు అరిగినవారికి, పూస జారినవారికి ఇది తగదు. ఒకటి రెండు డిస్కులు మాత్రమే చెడి, కనీసం ఆరు మాసాలు వ్యాయామాది చికిత్సలు చేసినను గుణం కనిపించని వారికే దీనిని ఆలోచిస్తారు. నరం నొక్కుకొని కాలిలోనికి దిగు నొప్పికి చేయు శస్త్రచికిత్స సాధారణంగా వేరు.

నార్వేలో 173 మంది రోగులతో జరిపిన పరిశోధన 2011లో వెలువడినది. కొందరికి కృత్రిమ డిస్కు అమర్చినారు. తక్కినవారికి కొన్ని వారాలపాటు వ్యాయామం, శిక్షణ ఇచ్చినారు. రెండేండ్లకు రెండు వర్గాలవారికీ మేలు కలిగినది. శస్త్రచికిత్స వర్గానికి కొంత ఎక్కువ మేలు కలిగినది గాని, "ఇంత భేదముంటేనే లెక్క" అని పరిశోధకులు ముందే నిర్ణయించుకొన్న 10 మార్కుల గీతను అది దాటలేదు, 8.4 వద్దనే నిలిచినది.

ఇంకొక సంగతి. స్కానింగులో "అరుగుదల" అని వ్రాసినంత మాత్రాన అదే నొప్పికి కారణమని కాదు. ఏ నొప్పీ లేనివారిని పరీక్షించిన పరిశోధనలన్నీ కూర్చి 2015లో లెక్కకట్టగా, ఇరువది ఏండ్ల వారిలోనే నూటికి 37 మందికి, ఎనుబది ఏండ్ల వారిలో 96 మందికి డిస్కు అరుగుదల కనిపించినది.

వైద్యుని అడుగవలసినవి

1. నా నొప్పి ఈ డిస్కు వల్లనే అని ఎట్లు తేల్చినారు?
2. ఆరు మాసాల వ్యాయామ చికిత్స నాకు సరిగా జరిగినదా?
3. అతికించుట, డిస్కు మార్చుట, ఏదీ చేయకుండుట - మూడింటి లాభనష్టాలు ఏవి?
4. ఇట్టివి మీరు ఎన్ని చేసినారు? పాడైతే మరల ఏమి చేయవలెను?
5. ఎన్నాళ్లకు మగ్గం ఎక్కగలను?

రెండవ వైద్యుని అభిప్రాయం కూడ తీసికొనుట తప్పు కాదు, అవిశ్వాసం కాదు.

ఒక హెచ్చరిక: మలమూత్రాలు పట్టు తప్పినా, తొడల నడుమ తిమ్మిరి కలిగినా, కాలు బలం తగ్గుతున్నా, నడుము నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గుట కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లవలెను.

ఇక మన చేతిలోనిది: కాళ్లు సాగదీయక పలకలు అందునట్లు కూర్చొను ఎత్తు సవరించుకొనుట, అరగంటకొకసారి గుంటనుండి లేచి నాలుగడుగులు నడచుట, బరువైన పడుగు దోనెను ఒంటరిగా ఎత్తకుండుట.

మన సోదరుడు మగ్గం అమ్మలేదు. ఆరు మాసాల వ్యాయామం మొదలుపెట్టినాడు. అప్పటికీ తగ్గకుంటే పై ప్రశ్నలు వ్రాసుకొని వైద్యుని వద్దకు వెళ్తానన్నాడు. శస్త్రచికిత్స అతనికి అవసరం కావచ్చు, కాకపోవచ్చు. అమ్మిన మగ్గం తిరిగి కొనుట కష్టం. ఆరు మాసాలు ఓర్చుట అంతకన్న సులభం.