అంతర్జాలపు గిడ్డంగి: వెల యెంత, విలువ యెంత?

ధాన్యము పండించుట యొక నేర్పు. పండినదానిని పురుగు పట్టకుండ ఏడాది పొడుగున దాచుకొనుట మఱియొక నేర్పు. ఈ రెండవ నేర్పు మా నల్లగొండ, పాలమూరు సీమలలో తరతరములుగా ఆడువారిది. గుమ్మికి పేడ యలికి, వేపాకు వేసి, విత్తనపు గింజను వేఱుగ కట్టిపెట్టుట యెఱుగని యిల్లాలు పూర్వము లేదు. ఇప్పుడు మన చేతికి క్రొత్త పంట యొకటి వచ్చినది. ఫోటోలు, పాటలు, పిల్లల మార్కుల పత్రములు, పొలము కాగితముల ప్రతులు సెల్‌ఫోనులోనే చేరి, అందులోనే నిండిపోవుచున్నవి. చోటు చాలదని ఫోను మొఱపెట్టినంతనే, నెలకింత చెల్లించిన మా గిడ్డంగిలో దాచెదమని పెద్ద సంస్థలు పిలుచుచున్నవి. ఆ కిరాయి ఇయ్యదగినదా, ఇచ్చినచో నెంతవఱకు, అను విషయమును మా యింటి లెక్కతో సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మా వారు నల్లగొండ జిల్లాలో ఉపాధ్యాయులు. మా అత్తగారు పాలమూరు పల్లెలోనే యుండిరి. ఆమెకు అక్షరము రాదు గాని బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు కొల్లలుగ వచ్చును. పండుగకు పోయినప్పుడెల్ల మేము ప్రక్కన కూర్చుండి ఆ పాటలను ఫోనులో పట్టుచుంటిమి. “బిడ్డా, నేను పోయినా నా గొంతు నీ డబ్బాల ఉంటదా?” అని యామె నవ్వుచు నడిగెను. ఉండునని మేము మాట యిచ్చితిమి. అట్లు నలుబది పాటలు చేరినవి. ఆమె కాలము చేసిన మఱుసటి యేడు ఆ ఫోను మా చేతినుండి జారి నీళ్ల హౌజులో పడెను. బాగుచేయువాడు రెండు దినము లుంచుకొని, తల యూపి తిరిగి యిచ్చెను. నలుబదింటిలో మాకు దక్కినవి పదునొకండు. మహబూబ్‌నగరులోని మా ఆడుబిడ్డ అడిగినప్పుడు వాట్సాపులో పంపియుండుటచేతనే అవియైనను మిగిలినవి. ఆమె యింట నున్న ప్రతియే మా యింటి నష్టమును కొంత తీర్చెను.

ఈ గిడ్డంగులకు మేఘమని పేరు పెట్టినారు గాని అవి ఆకసమున లేవు. భూమిమీదనే పెద్ద భవనములలో, రేయింబవళ్లు విద్యుత్తుతో నడచు యంత్రములలో ఉన్నవి. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతముననే అట్టి కేంద్రములను తెఱచెను. యంత్రములకు, విద్యుత్తునకు, కావలికి ఖర్చగును గనుక కిరాయి యడుగుట వింత కాదు.

ముందు కొలతలు చూతము. పుట్టి, తూము, మానిక యెట్లో ఇక్కడ టెరాబైటు, గిగాబైటు, మెగాబైటు అట్లు. సుమారుగ వేయి మెగాబైట్లొక గిగాబైటు; వేయి గిగాబైట్లొక టెరాబైటు. ఫోటో యొకటి 3 మెగాబైట్లనుకొన్నచో గిగాబైటునకు 300కు పైగా పట్టును. నిమిషపు పాటకు సుమారు 1 మెగాబైటు చాలును. నిమిషపు వీడియో మాత్రము సుమారు 100 మెగాబైట్లు మ్రింగును. కనుక చోటు నెక్కువగ తినునది వీడియోయే.

ఉచితముగ నిచ్చు చోటు గూగుల్ వారివద్ద 15 గిగాబైట్లు. ఆపిల్ వారి ఐక్లౌడులోను, మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవులోను 5 చొప్పున. కొంత నాణ్యత తగ్గించిన ఫోటోలను గూగుల్ వారు మొదట లెక్కలోనికి తీసికొనలేదు. 2021 జూను 1వ తేదీనుండి ప్రతి క్రొత్త ఫోటోయు ఆ 15లోనే లెక్కకు వచ్చుచున్నది. ఉత్తరములును అందులోనివే, నిండినచో క్రొత్త ఉత్తరములు చేరవు.

కిరాయి చోటునకు 2024లో మేము వ్రాసికొన్న ధరలివి. గూగుల్ వారికి ఏడాదికి 100 గిగాబైట్లకు రూ. 1,300, 200కు రూ. 2,100, 2 టెరాబైట్లకు రూ. 6,500. ఆపిల్ వారికి నెలకు 50 గిగాబైట్లకు రూ. 75, 200కు రూ. 219, 2 టెరాబైట్లకు రూ. 749, అనగా ఏడాదికి వరుసగా రూ. 900, రూ. 2,628, రూ. 8,988. ధరలు మాఱుచుండును గనుక చెల్లించునాడు మరల చూచుకొనవలెను.

గూగుల్ వారి 100లో గిగాబైటునకు ఏడాదికి రూ. 13 పడును; 2 టెరాబైట్లలో రూ. 3కు కొంచె మెక్కువ. చూచుటకు పెద్దదే చౌక. మేమును అట్లే భ్రమసితిమి. పాటలు పోయిన భయములో 2 టెరాబైట్ల చోటు తీసికొంటిమి. ఏడాది గడచిన పిదప చూడగా నింపినది 58 గిగాబైట్లు! ఐదు పుట్ల గుమ్మిని కిరాయికి దెచ్చి మూడు తూముల జొన్నలు పోసినట్లాయెను. 100 గిగాబైట్లతో సరిపెట్టుకొనియున్నచో రూ. 5,200 మిగిలెడివి. ఉపాధ్యాయుని యింట నది మా యిద్దఱు పిల్లల పుస్తకముల సొమ్ము.

పైగా ఆ 58లోను సగము పొల్లే: శుభోదయపు బొమ్మలు, ఒకే పెండ్లిలో పదిమార్లు తీసిన ఒకే ఫోటో, ఎవరో పంపిన వీడియోలు. ఒక ఆదివారము మేమును మా వారును కూర్చుండి చెఱిగి పోసితిమి. మిగిలినది 100లో సుఖముగ నిమిడినది. ఆ చోటును గూగుల్ వారు ఇంటివారితో, మొత్తమాఱుగురివఱకు, పంచుకొననిత్తురు. ఒకరి వస్తువు లింకొకరికి కనబడవు. మేమిద్దఱము, ఆడుబిడ్డ, మఱిది కలసి పంచుకొనగా తలకు ఏడాదికి రూ. 325 పడుచున్నది.

సర్కారు పత్రముల కొఱకు కిరాయి అక్కఱయే లేదు. 2015 జూలై 1న భారత ప్రభుత్వము తెఱచిన డిజిలాకరు ఉచితము. ఆయా శాఖలనుండి నేరుగ దానిలోనికి వచ్చిన పత్రములకు అసలు పత్రములతో సమానమైన చెల్లుబాటు గలదు. మనము స్వయముగ ఫోటో తీసి యెక్కించిన ప్రతికి ఆ గౌరవము లేదని మఱవరాదు.

ఇంక విలువ మాట. కిరాయి యిచ్చినంత మాత్రమున గిడ్డంగి మనది కాదు. కిరాయి మాని, ఉచితపు హద్దును మించి రెండేండ్లుంచినచో సరకును తీసివేయవచ్చునని గూగుల్ వారి నియమము. ఉచితమును నమ్ముటయు కష్టమే. ఫ్లికర్ సంస్థ 2013లో ఒక టెరాబైటు ఉచితమనెను. 2019లో వేయి ఫోటోలకు హద్దు పెట్టెను. మైస్పేస్ అను సంస్థలో 2016కు పూర్వము చేర్చిన పాటలెన్నియో పోయినవని 2019లో బయటపడెను. ఎంత పెద్ద గిడ్డంగియైనను ఒక్క గిడ్డంగియే.

ఈ పాఠము మన పెద్దలకు క్రొత్త కాదు. పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవుల పద్యములను ఒక చోట చేర్చిరి. అంతకుముందు ఊరూర చెదరియున్న కవితకు అచ్చు పుస్తకము అనేక ప్రతులను, అనేక గృహములను ఇచ్చెను. తాటాకు గ్రంథమును చెదలు తినకముందే మరల వ్రాసికొనుటయు ఈ వివేకమే.

కావున మేమిప్పుడు చేయునది యిది. ఒక ప్రతి కిరాయి గిడ్డంగిలో. రెండవది ఒక్కసారి వెల యిచ్చి కొన్న హార్డుడిస్కులో, మా ట్రంకుపెట్టెయందు. ముఖ్యమైనవాని మూడవ ప్రతి ఆడుబిడ్డ యింట. డిస్కును శాశ్వతము కాదు. కొన్నేండ్ల కొకమాఱు క్రొత్తదానిలోనికి మార్చవలెను. చోటు నిండినదని బెదరించు సందేశములలోని లంకెను ముట్టక, స్వయముగ ఖాతా తెఱచి చూచుకొనవలెను.

తాళపుచెవి మాటయు కలదు. రెండేండ్లు ముట్టని ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ వారు 2023 డిసెంబరునుండి అమలు చేయుచున్నారు. పోయినవారి ఖాతాను ముట్టువా రెవరు? మన తరువాత దానిని తెఱచువారిని ముందే పేర్కొనుటకు గూగుల్ 2013లోను, ఆపిల్ 2021లోను ఏర్పాటు చేసినవి. మా యింట మా వారి పేరు మేమును, మా పేరు వారును వ్రాసియుంచితిమి. ఇది అపశకునము కాదు. భూమి కాగితముల చోటు చెప్పియుంచుట వంటిది.

సోదరీమణులారా, ముందు చెఱుగుడు, పిదప కొలువుడు, ఆ తరువాతనే కిరాయి మాట్లాడుడు. మేము ఏటేట ఎంగిలిపూల బతుకమ్మ నాడు మా అత్తగారి పదునొకండు పాటలను మూడు చోట్లను తెఱచి వినుచున్నాము. పోయిన యిరువది తొమ్మిదింటిని ఏ గిడ్డంగియు తిరిగి యియ్యజాలదు. మీ యింట పాడు పెద్దలు సజీవులై యున్నచో ఈ పనిని ఈ పండుగకే మొదలుపెట్టుడు.