మధ్య బెంచీ పిల్లలకు ఒక పీరియడ్

1980లో అమెరికాలోని శాన్‌డియాగోలో ఉన్న క్లైర్‌మాంట్ హైస్కూలు ముఖచిత్రమే మారిపోయింది. దగ్గర్లో కొత్త స్కూలు తెరవడంతో ఉన్నవాళ్ల పిల్లలు చాలామంది అటు వెళ్లిపోయారు. జాతుల వారీగా విడిపోయిన స్కూళ్లను కలపాలన్న కోర్టు ఆదేశం వల్ల, పేద పేటల నుంచి దాదాపు 500 మంది నల్లజాతి, లాటినో పిల్లలు బస్సుల్లో వచ్చిపడ్డారు. వీళ్లకు తేలిక పాఠాలు చెబితే చాలన్నది అప్పట్లో వినిపించిన మాట. ఇంగ్లిష్ విభాగం పెద్దగా ఉన్న మేరీ క్యాథరిన్ స్వాన్సన్‌కు అది మింగుడుపడలేదు. 32 మందిని ఎంచుకుని, కాలేజీకి వెళ్లేవాళ్లు చదివే కష్టమైన క్లాసుల్లోనే చేర్పించింది. ఆ బరువు మోయడానికి సాయంగా రోజుకో పీరియడ్ తానే తీసుకుంది.

‘ఎవిడ్’ అలా పుట్టింది. సొంత పట్టుదలతో పైకి రావడం అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలవి.

ఆ 32 మంది పరీక్ష తప్పిన పిల్లలు కాదు, ర్యాంకర్లూ కాదు. బీ, సీ గ్రేడుల దగ్గర ఆగిపోయేవాళ్లు. మన పేరెంట్స్ మీటింగులో ‘మీవాడు యావరేజండీ’ అనిపించుకునే బాపతు. ఆ మాట పడ్డాక టీచరు చెప్పేదీ ఉండదు, నాన్న అడిగేదీ ఉండదు.

ఇంతకీ ఆ పీరియడ్‌లో జరిగేదేమిటి? ట్యూషన్ మాత్రం కాదు. ముందు నోట్సు రాయడం నేర్పుతారు. కోర్నెల్ యూనివర్సిటీ అధ్యాపకుడు వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. కాగితం మీద నిలువుగా గీత గీస్తారు. కుడివైపు వెడల్పు భాగంలో పాఠం. ఎడమవైపు సన్నటి భాగంలో, ఇంటికెళ్లాక ఆ పాఠం మీద తనకు తోచిన ప్రశ్నలు. అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం. బోర్డు మీదున్నది ఎక్కించుకునే పిల్లవాడికి ఆ ఎడమ భాగమే అసలు పరీక్ష. అర్థం కానిదే ప్రశ్న పుట్టదు.

వారానికి రెండు రోజులు కాలేజీ విద్యార్థులు వచ్చి, ఆరేడుగురేసి పిల్లలతో కూర్చుంటారు. లెక్కల్లో చిక్కుకున్న అమ్మాయి బోర్డు దగ్గరికెళ్లి తన లెక్క రాస్తుంది. జవాబు ఎవరూ చెప్పకూడదు. ‘ఇక్కడిదాకా ఎలా వచ్చావు? ఈ గుర్తు ఎందుకు మార్చావు?’ అంటూ తోటివాళ్లు అడుగుతూనే ఉంటారు, తప్పు ఆమె కంటికే కనబడేదాకా. జవాబు తెలిసీ నోరు కట్టుకోవడం ఆ కుర్ర ట్యూటర్లకు ఎంత కష్టమో, పిల్లలకు హోంవర్క్ చేయించిన ఏ అమ్మనడిగినా చెబుతుంది.

శాన్‌డియాగోలో ఈ క్లాసులను పరిశీలించిన సామాజికవేత్త హ్యూ మెహాన్ మరో సంగతి పట్టుకున్నాడు. కాలేజీ దరఖాస్తు ఎలా నింపాలి, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలి, ఫీజు సాయం ఎక్కడ దొరుకుతుంది అన్నవి చదువుకున్న ఇళ్లలో మాటల మధ్యే తెలిసిపోతాయి. మరి ఇంట్లో కాలేజీ గడప తొక్కినవారే లేకపోతే? ఆ లోటును ఇక్కడ టీచరు పూడుస్తుంది, పిల్లల తరఫున స్కూల్లో వాదిస్తుంది కూడా.

అలాగని ఇదేమీ మంత్రం కాదు. అమెరికా విద్యాశాఖ సమీక్షా విభాగం 2010లో పరిశీలించినప్పుడు, చదివి అర్థం చేసుకునే సామర్థ్యంలో చెప్పుకోదగ్గ మార్పు ఉన్నట్టు ఆధారం దొరకలేదంది. లెక్కలోకి తీసుకోదగ్గ అధ్యయనం దానికి దొరికిందే ఒక్కటి. ఎవిడ్ పేరు తగిలించుకుని, ట్యూటర్లు లేకుండా నడిపే చోట నోట్సు ఫైలు మోత తప్ప ఏం మిగులుతుంది?

ఇవాళ అమెరికాలో కొన్ని వేల స్కూళ్లలో ఈ పీరియడ్ ఉంది. మన ఇంట్లో మొదలుపెట్టడానికి తెల్లకాగితం, స్కేలు చాలు. ఈ రాత్రి మార్కులెన్నని అడగకుండా, ఎడమవైపు ఒక్క ప్రశ్న రాయమని చెప్పి చూడండి.