సెలవులు అమ్ముకునే కాలంలో సీతాకోకచిలుక పాఠం

ఆర్థిక సంవత్సరం ముగింపుకొస్తుంటే మా బొంతపల్లి, గుమ్మడిదల, పటాన్‌చెరు ప్రాంతాల్లోని కార్మికుల ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. వాడుకోని సెలవులు ఎన్ని మిగిలాయి, వాటిని కంపెనీకి తిరిగిచ్చేస్తే చేతికెంత వస్తుంది అన్నదే ఆ లెక్క. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కడతారు, చిట్టీ బాకీ తీరుస్తారు, సొంతూళ్లో ఇంటి స్లాబుకు సిమెంటు కొంటారు. ‘ఈసారి పన్నెండు రోజులు అమ్మేశానయ్యగారూ’ అని సంతోషంగా చెప్పేవారు నాకు ప్రతి ఏటా కనబడతారు. అవసరాలు అలాంటివి, వారిని తప్పుపట్టలేం. కాని ‘అమ్మేశాను’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. రోజులను ఇచ్చినవాడు దేవుడు. మరి మనం వాటిని ఎవరికి, ఎంతకు అమ్ముతున్నాం?

మా సంఘంలోని ఒక పెద్దాయన మాత్రం ఈ లెక్కను మార్చేశారు. ఆయన శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికొచ్చి ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పాతికేళ్లకు పైగా పనిచేశారు. గుండెకు స్టెంటు పడ్డాక, మిగిలిన సెలవులన్నీ పెట్టి ఫిబ్రవరిలో భార్యతో కలిసి అండమాన్ వెళ్లారు. అక్కడ వారి తమ్ముడి కుటుంబం ఎప్పుడో స్థిరపడింది. ఇంతకూ ఏం చూశారంటే బీచ్‌ల కంటే ఎక్కువగా సీతాకోకచిలుకలనే చూశారట! పెరట్లోని కరివేపాకు చెట్టు మీద పురుగు సీతాకోకచిలుకగా మారడాన్ని ఆ అమ్మ ఏళ్ల తరబడి గమనిస్తోంది. ఆమె కోరిక మీదే రోజూ పొద్దున్నే అడవి బాట పట్టారట. ఈ సంగతి తెలిశాక ఆరాధన అనంతరం చిన్న గుసగుస మొదలైంది. ‘పురుగుల్ని చూడడానికి సముద్రం దాటి పోవాలా? ఆ డబ్బు మందిరం షెడ్డుకిస్తే పోయేది కదా!’ అన్నారు కొందరు. ‘ఇది లోకాశ కాదా అయ్యగారూ?’ అని ఒక సోదరి సూటిగానే అడిగింది. అది విలువైన ప్రశ్న. దానికి జవాబు వాక్యంలోనే వెదకాలి.

ముందు ఆ ద్వీపాల గురించి తెలుసుకుందాం. అండమాన్ మన తెలుగువారికి పరాయిచోటు కాదు. బ్రిటిష్‌వారి కాలంలో రంప తిరుగుబాటుదారులను సంకెళ్లతో అక్కడికి పంపారు. ఆ తర్వాత ఉత్తరాంధ్ర మత్స్యకారులు, కూలీలు బతుకుతెరువు కోసం ఓడలెక్కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగే. పోర్ట్‌బ్లెయిర్ నగరానికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఫిబ్రవరిలో అక్కడ వానలుండవు, చలీ ఉండదు. ఉత్తర భారతం ఇంకా స్వెటర్లు విప్పని రోజుల్లో అక్కడ ఉక్కపోసే ఎండ కాస్తుంటుంది. అందుకే సీతాకోకచిలుకలను చూసేవారు ఆ నెలల్లో నగరానికి దక్షిణాన ఉన్న చిడియాటాపు అడవులకూ, 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హారియట్ కొండకూ వెళ్తుంటారు.

ఆ ద్వీపాల్లో రెండు వందలకు పైగా రకాల సీతాకోకచిలుకలున్నాయి. వేల ఏళ్లుగా సముద్రం నడుమ ఒంటరిగా ఉండిపోవడంతో కొన్ని రకాలు ప్రపంచంలో మరెక్కడా కనబడవు. అండమాన్ క్రో, అండమాన్ మార్మన్, తోక చివర ఎర్రటి గుత్తి ఉండే అండమాన్ క్లబ్‌టెయిల్ అలాంటివే. ట్రీ నింఫ్ అనేది తెల్లని రెక్కల మీద నల్లచుక్కలతో, గాలిలో వదిలేసిన కాగితం ముక్కలా నిదానంగా తేలుతూ పోతుంది. వాటిని చూడాలంటే ఒకటే షరతు, తొందర పనికిరాదు. సీతాకోకచిలుక చల్లని రక్తపు జీవి. ఉదయపు ఎండలో రెక్కలు పరచి కూర్చుని, కండరాలు వేడెక్కాకే అది ఎగరగలదు. అంతవరకూ అది కదలదు, దాన్ని చూసేవాడూ కదలకూడదు. ముప్పై ఏళ్లు సైరన్ మోతకు పరుగెత్తిన మనిషి ఒక ఆకు ముందు అరగంట నిలబడడమంటే మాటలా?

ఇక వాక్యానికొద్దాం. కొండమీది ప్రసంగంలో, మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, ప్రభువు తిండి గురించీ బట్ట గురించీ చింతించేవారితో మాట్లాడుతున్నాడు. ఆ శ్రోతలు ధనవంతులు కారు. రోజు కూలీతో బతికేవారు, పన్నుల భారంతో నలిగినవారు. వారికి ఆయన రెండు పనులు చెప్పాడు. ఆకాశపక్షులను చూడమన్నాడు, అడవిపువ్వులు ఎలా పెరుగుతున్నాయో ఆలోచించమన్నాడు. రెండోచోట గ్రీకు మూలంలో వాడిన క్రియకు ‘బాగా పరిశీలించి నేర్చుకోండి’ అని అర్థం. శిష్యుడు అన్న మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. అంటే పువ్వును పరిశీలించడాన్ని ప్రభువు తీరిక ఉన్నవారి సరదాగా వదిలేయలేదు, శిష్యత్వంలో భాగంగా ఆజ్ఞాపించాడు. ఆకలి భయం ఉన్నవారికే ఆ ఆజ్ఞ ఇచ్చాడు.

అదే అధ్యాయంలో మరో విశేషముంది. ప్రాణాన్ని గురించి చింతించవద్దని ప్రభువు చెప్పినచోట గ్రీకులో ఉన్న మాట ‘ప్సుఖే’. ప్రాణం, ఆత్మ అని దాని అర్థం. గ్రీకులు ఈ మాటనే సీతాకోకచిలుకకూ వాడేవారు. ప్రభువుకు మూడున్నర శతాబ్దాల ముందు జీవులపై గ్రంథం రాసిన అరిస్టాటిల్ కూడా సీతాకోకచిలుకను ఆ పేరుతోనే పిలిచాడు. బైబిల్లో సీతాకోకచిలుక ప్రస్తావన లేదు. ఆ జాతికి చెందిన చిమ్మెట మాత్రం ఉంది, అదీ ఈ అధ్యాయంలోనే, భూమ్మీద కూడబెట్టిన ధనాన్ని తినేసేదిగా. సర్వలోకాన్నీ సంపాదించుకుని ప్రాణాన్ని పోగొట్టుకున్నవాడికి లాభమేమిటని, ప్రాణానికి బదులుగా ఏమివ్వగలడని ప్రభువు 16వ అధ్యాయంలో అడిగినప్పుడు కూడా అదే మాట, ప్సుఖే. సెలవులను అమ్ముకుంటున్నప్పుడు మనం అమ్ముతున్నది కాగితం మీది పన్నెండు రోజులనేనా? బిడ్డతో గడపాల్సిన గంటలు, భార్యతో మాట్లాడాల్సిన మాటలు, దేవుని సన్నిధిలో మౌనంగా ఉండాల్సిన సమయం కూడా ఆ ధరలోనే కలిసిపోతున్నాయేమో ఆలోచించాలి.

విశ్రాంతి దినాజ్ఞ బైబిల్లో రెండుచోట్ల ఉంది. నిర్గమకాండం 20లో దేవుడు ఏడవ దినాన విశ్రమించాడు గనుక మీరూ విశ్రమించాలన్న కారణం కనబడుతుంది. ద్వితీయోపదేశకాండం 5లో కారణం వేరు. మీరు ఐగుప్తులో దాసులై ఉండగా దేవుడు విడిపించాడు గనుక విశ్రమించండి, మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి అన్నది దాని సారం. ఐగుప్తులో ఇటుకల లెక్క ఒక్కటి తగ్గినా దెబ్బలు పడేవి, గడ్డి ఇవ్వకపోయినా టార్గెట్ మాత్రం తగ్గేది కాదు. ఆ బతుకు నుంచి బయటపడిన జనానికి సెలవు విమోచనకు గుర్తు. ‘నేనిక ఫరో మనిషిని కాను’ అని చెప్పే సాక్ష్యమది. శిష్యులు తినడానికి కూడా తీరికలేక అలసిపోయినప్పుడు ప్రభువే వారిని ఏకాంత ప్రదేశానికి తీసుకెళ్లాడని మార్కు 6వ అధ్యాయం చెబుతోంది. రోమాకు వెళ్లాల్సిన అపొస్తలుడైన పౌలు ఓడ బద్దలై మెలితే ద్వీపంలో చలికాలం మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ ఆగడం వల్ల సువార్తకు నష్టమేమీ జరగలేదు, ద్వీపంలోని రోగులు స్వస్థత పొందారు.

చూడడం ఆరాధన అవుతుందనడానికి సంఘ చరిత్రలో ఒక స్త్రీ నిదర్శనం. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మరియా సిబిల్లా మేరియన్ కొంతకాలం ఒక ప్రొటెస్టెంట్ భక్త సమాజంలో జీవించింది. పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మిన రోజులవి. ఆమె చిన్ననాటి నుంచీ గొంగళిపురుగులను పెంచుతూ, గుడ్డు నుంచి రెక్కల దాకా ప్రతి దశనూ, ఏ పురుగు ఏ మొక్కను తింటుందో దాన్నీ బొమ్మగీసింది. 1699లో, 52 ఏళ్ల వయసులో, కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సూరినాంకు ఓడలో వెళ్లింది. 1705లో ఆమె ప్రచురించిన గ్రంథం శాస్త్రవేత్తలకు ఇప్పటికీ గౌరవనీయమే. సృష్టిలోని అల్పజీవిలో సృష్టికర్త పనితనాన్ని చూసిన ఆమెను ఎవరూ సోమరి అనలేదు.

ఈ పాఠంలో సిద్ధాంతపరంగా ఒక జాగ్రత్త అవసరం. శ్రమకాలం వచ్చిందంటే సీతాకోకచిలుకను పునరుత్థానానికి ఉపమానంగా చెప్పడం మన ప్రసంగాల్లో మామూలే. అయితే గూడులోని పురుగు చనిపోదు. సిలువ మీద మన ప్రభువు నిజంగా మరణించాడు, సమాధి చేయబడ్డాడు. ఆయన పునరుత్థానం ప్రకృతిలో ఏటా జరిగే మార్పు కాదు, తండ్రి చేసిన మహత్కార్యం. కనుక సీతాకోకచిలుకను ఈస్టరుకు రుజువుగా చూపకూడదు. విశ్వాసి జీవితంలో జరగాల్సిన మార్పుకు మాత్రం అది చక్కని బొమ్మ. రోమా పత్రిక 12వ అధ్యాయంలో మనసు మారి రూపాంతరం పొందమని పౌలు చెప్పినప్పుడు వాడిన గ్రీకు మాట నుంచే పురుగు మార్పుకు శాస్త్రజ్ఞులు పెట్టిన ‘మెటమార్ఫసిస్’ అన్న పేరు వచ్చింది. గూడులో పురుగు శరీరం చాలావరకు కరిగిపోతుంది. కాని దాని లోపల మొదటి నుంచీ దాగి ఉన్న చిన్న కణాల గుంపులు పెరిగి రెక్కలు, కాళ్లు, కళ్లు అవుతాయి. మరో ఆశ్చర్యమేమిటంటే, గొంగళిపురుగు దశలో ఒక వాసనంటే భయపడడం నేర్చుకున్న చిమ్మెటలు రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా వెళ్లాయని అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రకటించారు. అంత మార్పులోనూ జ్ఞాపకం చెదరలేదు. దేవుడు మనల్ని మార్చేటప్పుడు మన గతాన్ని చెరిపి పారేయడు, దాన్ని కొత్త జీవితంలోకి మోసుకెళ్తాడు. తిరిగి లేచిన ప్రభువు చేతుల్లోనూ గాయాల గుర్తులున్నాయని మరువకూడదు.

‘అండమాన్ పోయే స్తోమత మాకెక్కడిది?’ అంటారేమో! నిజమే, అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఇక్కడే కళ్లు తెరిస్తే చాలు. కరివేపాకు, నిమ్మ మొక్కల లేత ఆకులు చూడండి. పిట్టరెట్టలా కనబడే చిన్న పురుగు అక్కడుంటే నలిపేయకండి. శత్రువు కంటపడకుండా దేవుడు దానికి ఇచ్చిన వేషమది. కొన్ని వారాల్లో అది నల్లటి రెక్కలతో ఎగిరిపోతుంది. జిల్లేడు మీద నారింజరంగు ప్లెయిన్ టైగర్ గుడ్లు పెడుతుంది. తంగేడు మీద పసుపు రెక్కలవి, ఆముదం మీద గోధుమరంగువి పెరుగుతాయి. మనం పిచ్చిమొక్కలని కొట్టేసేవే వాటికి అన్నం. మనకు దగ్గర్లోనే నర్సాపూర్ అడవి ఉంది. ఆదివారం ఆరాధన తర్వాత పిల్లలను తీసుకుని ఒక గంట అక్కడ నడవడానికి విమానం టికెట్టు అక్కర్లేదు.

ఇలా చూడడం నేర్చుకున్నవారు చుట్టుపక్కల నేల గురించీ ఆలోచిస్తారు. ఒకప్పుడు చేపలు పట్టుకున్న నక్కవాగు ఏమైందో మన పెద్దలకు తెలుసు. పటాన్‌చెరు ప్రాంత మందుల పరిశ్రమల మురుగునీరు శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. అదే పరిశ్రమలు మనకు అన్నం పెడుతున్నాయన్నదీ వాస్తవమే. అయినా ఏదెను తోటను సేద్యం చేయడమే కాదు, కాపాడమని కూడా దేవుడు ఆదాముకు అప్పగించాడు. ఆ రెండో పని నుంచి మనకు మినహాయింపు రాలేదు.

చివరిగా మన సంఘాల్లోని సూపర్‌వైజర్లకు, కాంట్రాక్టర్లకు, చిన్న పరిశ్రమల యజమానులకు ఒక మనవి. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే కార్మికుడికి రాసిచ్చింది. అయినా ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి మన దగ్గర పనిచేసే ఎందరో కాంట్రాక్టు కూలీలకు అమ్ముకోవడానికి కూడా సెలవు మిగలదు. నీ దాసుడు నీలాగే విశ్రమించాలన్న ఆజ్ఞ నేరుగా మిమ్మల్నే ఉద్దేశించింది. ఈ శ్రమకాలంలో మీరు ఎన్ని పూటలు ఉపవాసమున్నారన్న దానితో పాటు, మీ కింద పనిచేసే ఎందరికి ఒక రోజు విశ్రాంతినిచ్చారన్నది కూడా దేవుడు చూస్తాడు. సెలవు చీటీ మీ టేబుల్ మీదికొస్తే సంతకం పెట్టండి. ఆ రోజు ఒక తండ్రి తన బిడ్డ వేలు పట్టుకుని జిల్లేడు పొద దగ్గర నిలబడవచ్చు.