పంచాంగంలో లేని పండుగ

సంక్రాంతికి భోగిమంటలున్నాయి. దసరాకు బొమ్మల కొలువుంది. పోలేరమ్మ జాతరకు అంబళ్లు, వేపమండలు ఉండనే ఉన్నాయి. ఏ పండుగకు ఏం చేయాలో, ఎవరు చేయాలో ఊళ్లో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. మరి ఆగస్టు పదిహేనుకు? 1947లో నాయుడుపేట చుట్టుపక్కల పల్లెలకు ఎదురైన ప్రశ్న ఇదే. పండుగ చేసుకోమని కబురైతే వచ్చింది. ఎలా చేసుకోవాలో చెప్పడానికి మాత్రం ఏ తాతకూ అనుభవం లేదు!

పోనీ పంచాంగం తీద్దామా అంటే, అందులో అంతకన్నా చిక్కు. సర్వజిత్ నామ సంవత్సరం, అధిక శ్రావణ బహుళ చతుర్దశి, శుక్రవారం. అధిక మాసంలో పెళ్లి చేయరు, గృహప్రవేశం పెట్టుకోరు. పైగా తెల్లారితే అమావాస్య. పేరుకు శ్రావణ శుక్రవారమే అయినా వరలక్ష్మీ వ్రతానికి నిజ శ్రావణం వచ్చేదాకా ఆగాల్సిందే. అలాంటి రోజున ఊరు ఊరంతా తలంటు పోసుకుని, గుమ్మాలకు మామిడాకులు కట్టి, ఊరేగింపు తీయాలి. ఢిల్లీలో అధికార మార్పిడికి అర్ధరాత్రి వేళను ఎంచుకోవడం వెనుకా జ్యోతిష్కుల అభ్యంతరాలే ఉన్నాయంటారు. ఢిల్లీ పెద్దలు ముహూర్తం సర్దుకున్నారు సరే, పల్లెలో పురోహితుడి మాటేమిటి? ఆయనకు ఆ రోజు పని లేదు. సంకల్పం చెప్పాల్సిన అవసరం లేని మొదటి ఊరుమ్మడి పండుగ అది.

రైలు తెచ్చిన కబురు

స్వర్ణముఖి ఒడ్డున, మద్రాసు - కలకత్తా రైలు మార్గం మీద, అదే పేరుగల పెద్ద రోడ్డు మీద ఉన్న ఊరు నాయుడుపేట. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉందిగానీ అంతకుముందంతా నెల్లూరు జిల్లాయే. ఇక 1947లో ఆంధ్ర రాష్ట్రమే లేదు. అంతా మద్రాసు రాష్ట్రం, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం. రాజధాని వంద కిలోమీటర్లకు కాస్త పైన. నెల్లూరు ఎంతో మద్రాసూ అంతే అన్నట్టుగా బతికిన ప్రాంతం ఇది.

అప్పట్లో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసులోనే అచ్చయ్యేవి. ఉత్తరాది ఊళ్ల కన్నా ముందు ఈ దారిలోని స్టేషన్లలోనే దిగేవి. ఇక రేడియో అంటే 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే. విజయవాడ కేంద్రం రావడానికి 1948 డిసెంబరు 1 దాకా ఆగాలి. కరెంటు లేని పల్లెలో రేడియో పెట్టె ఎందరికుంటుంది? కాబట్టి నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగాన్ని చెవులారా విన్న పల్లెలు తక్కువ. రచ్చబండ దగ్గర ఒకరు పేపరు చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి విన్నదే ఎక్కువ. స్వాతంత్ర్యం ఆ పల్లెలకు చదివి వినిపించిన వార్తగా వచ్చింది.

జెండా ఏదీ?

పండుగకు ముందుగా కావలసింది జెండా. చరఖా ఉన్న మూడు రంగుల కాంగ్రెస్ జెండా జనానికి కొత్త కాదు. దాని వెనకున్న మనిషి నెల్లూరుకూ కొత్తకాదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల వేళ గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు నెల్లూరులోనే ఉండి అభ్రకంపై పరిశోధనలు చేశారు. బెజవాడ సమావేశాలయిన కొద్ది రోజులకే, 1921 ఏప్రిల్ 7న నెల్లూరు పక్కనే పల్లిపాడులో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. అక్కడి నుంచి ఖద్దరు, రాట్నం, జెండా... మూడూ కలిసే జిల్లాలోని పల్లెలకు నడిచాయి.

అయితే రాజ్యాంగ సభ 1947 జులై 22న చరఖా తీసేసి అశోక చక్రం పెట్టింది. చక్రానికి ఆకులు 24. పండుగకు మిగిలిన రోజులూ సరిగ్గా 24! ఆ కాస్త వ్యవధిలో లక్షల పల్లెలకు కొత్త జెండా చేరాలంటే మాటలా? అసలే బట్టకు కరువు. యుద్ధం 1945లోనే ముగిసినా కంట్రోలు ముగియలేదు. కొలిచి ఇచ్చే బట్టతో కట్టుకునే చీరకే దిక్కులేని ఇళ్లెన్నో. నిర్బంధం రోజుల్లో పోలీసుల కంట పడకుండా చరఖా జెండాను పెట్టె అడుగున దాచుకున్న కార్యకర్తకు ఆ ఉదయం ఎంత మథనపడాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఏళ్ల తరబడి దేనికోసం దెబ్బలు తిన్నాడో ఆ జెండా కాదిప్పుడు ఎగరాల్సింది.

ఆ తెల్లవారుజామున మద్రాసు సెయింట్ జార్జి కోట మీద ఎగిరింది 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న పట్టు జెండా. కోట మ్యూజియంలో భద్రంగా ఉందది. పల్లె జెండాలకు అలాంటి భాగ్యమెక్కడిది! కోస్తా ఇసుక నేలల్లో దండిగా పెరిగే సరుగుడు కర్రే ధ్వజస్తంభం. ఖద్దరు ముక్కే జెండా. మడతలో నాలుగు పూలరేకులు. తాడు లాగగానే ముడి ఊడకపోతే అయ్యవారి గుండెల్లో రాయి పడేది. ముడి వేయడం దగ్గర్నుంచి వందనం చేయించడం దాకా ఈ పండుగకు పూజారి ఆయనే మరి.

ఒక్కమాట. ఇదే తెలుగు నేల మీద నిజాం పాలనలో ఉన్న పల్లెలకు ఆ రోజు జెండా ఎగరేయడం పండుగ కాదు, నేరం. హైదరాబాదులో ఆగస్టు 15నే స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి కదిలిన జనంపై కాల్పులు జరిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ పల్లెలు 1948 సెప్టెంబరు 17 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఇక్కడ ముడి ఊడుతుందా లేదా అన్నది బెంగ. అక్కడ ఇంటికి తిరిగి వస్తామా లేదా అన్నది.

చక్కెర లేని తీపి

పండుగంటే నోరు తీపి కావాలిగా? 1942లో జపాను చేతికి బర్మా చిక్కడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. అప్పట్నుంచీ మద్రాసు రాష్ట్రంలో తిండిగింజలకు కటకటే. రైతు పండించిన ధాన్యంలో ప్రభుత్వానికి కొలిచివ్వాల్సింది పోను మిగిలిందే ఇంటికి. పట్నాల్లో రేషను కార్డులు. చక్కెర మీద కంట్రోలు తొలిసారి ఎత్తేసింది 1947 డిసెంబరులో, అంటే పండుగ వెళ్లిన నాలుగు నెలలకు. తిండిగింజల మీద కంట్రోలును మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఎత్తేసేసరికి 1952 వచ్చింది.

దానికితోడు ఆగస్టు నెల. ఈ ప్రాంతానికి వానలు కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆగస్టులో స్వర్ణముఖి అంటే ఇసుకే. చెలమ తవ్వితేగానీ నీళ్లుండవు. గాదెలు అడుగంటే కాలం. అందుకే తొలి పండుగల తీపి బెల్లం తీపి. బొరుగులు, వేయించిన శనగపప్పు, చిన్న బెల్లం ముక్క. అంతే. పిల్లల చేతుల్లోకి పిప్పరమెంట్లు వచ్చింది తర్వాత్తర్వాత. ఇప్పుడు బడిలో చాక్లెట్టు ఇస్తే జేబులో వేసుకుని మరిచిపోయే పిల్లలకు, గుప్పెడు బొరుగుల కోసం తెల్లవారుజామున లేచి ప్రభాతభేరిలో ఊరంతా తిరిగిన తరం గురించి చెప్పినా నమ్మకం కుదరదేమో.

ఎవరు ఎక్కడ నిలబడాలి?

తిండి, బట్ట సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. జాతరలో ఎవరి చోటు వాళ్లకుంటుంది. కుమ్మరి చేయాల్సింది కుమ్మరి చేయాలి, రజకుడు చేయాల్సింది రజకుడు చేయాలి. డప్పు కొట్టేవాళ్లు లేనిదే అమ్మవారు కదలదు, కానీ ఆ డప్పు ఎక్కడిదాకా రావచ్చో అక్కడ ఓ గీత ఉంటుంది. కనబడని గీతే, అయినా అందరికీ తెలుసు. మరి జెండా పండుగకు ఆ గీత ఎక్కడ గీయాలి? ఈ పండుగకు దేవుడు లేడు, గర్భగుడి లేదు. కాబట్టి ‘ఇంతవరకే’ అనడానికి ఆచారమూ లేదు.

ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలంటూ పొట్టి శ్రీరాములు నెల్లూరులో నిరాహారదీక్ష చేసింది అంతకు ముందు ఏడాదే, 1946లో. ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. మండుటెండలో చెప్పులు లేకుండా, అంటరానితనం వద్దని రాసిన అట్టలు తగిలించుకుని నెల్లూరు వీధుల్లో తిరిగిన శ్రీరాములు కొందరికే గుర్తు. అప్పుడాయన్ను చూసి పిచ్చివాడని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆలయ ప్రవేశానికి మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1947లో. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణం అమల్లోకి రావడానికి ఇంకా రెండున్నరేళ్లుంది.

అలాంటి సమయంలో బడి ఆవరణలో పిల్లల్ని వరసల్లో నిలబెట్టాలి. వరసంటే తరగతిని బట్టి, ఎత్తును బట్టి. డ్రిల్లుకు ఇంకో లెక్క తెలీదు. పొట్టివాడు ముందు, పొడుగువాడు వెనక. వాళ్ల నాన్నలు ఊరి బావి దగ్గర ఎంత దూరంలో నిలబడతారన్నది ఆ వరసకు అక్కర్లేదు. ఇక బొరుగులు పంచడం. చేతికి తగలకుండా పైనుంచి వదలాలా, అరచేతిలో పెట్టాలా? అది అయ్యవారి ఇష్టం. పిల్లవాడికి మాత్రం జీవితాంతం గుర్తుండిపోయే తేడా అది.

అన్నిచోట్లా అరచేతిలోనే పెట్టారనుకోనక్కర్లేదు. అన్నాలు పెట్టిన చోట్ల పంక్తులు విడివిడిగా వేసిన పల్లెలుండేవి. జెండాను పెద్దవీధిలో తిప్పి, ఊరి చివరి పేటకు వెళ్లకుండానే వెనక్కి తెచ్చిన ఊరేగింపులూ ఉండేవి. పేటలో విడిగా బడి ఉంటే వాళ్ల జెండా వాళ్లదే. మద్రాసులో బావులు, రోడ్లలాంటి చోట్ల వివక్ష చూపకూడదన్న చట్టం 1938 నుంచే ఉంది. అయినా పల్లె మారలేదు. చట్టం మార్చలేనిది గుప్పెడు బొరుగులు మార్చేస్తాయా అంటే, మార్చలేదు. కాకపోతే ఏడాదికోసారైనా ‘జెండా మా పేటకెందుకు రాదు?’ అని అడిగే వీలు దొరికింది. జాతరలో ఆ ప్రశ్న అడిగితే ఆచారం అడ్డొచ్చేది. జెండా పండుగలో అడిగితే చెప్పడానికి జవాబు దొరక్క పెద్దలు చూపు తిప్పుకోవాల్సి వచ్చేది.

ఇంకో తమాషా. నిన్నమొన్నటి దాకా కాంగ్రెస్ వాళ్ల కదలికలను పైవాళ్లకు చేరవేయాల్సిన మునసబు, కరణాలే ఊరి పెద్దలుగా జెండా పండుగలో ముందు వరస కుర్చీల్లో ఉండేవారు. ఆ ఉద్యోగాలు ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో రద్దు చేసేదాకా చాలా ఊళ్లలో ఆ కుర్చీలూ కదల్లేదు.

జనవరి వచ్చింది

కాంగ్రెస్ పిలుపు మీద 1930 నుంచి ఏటా జనవరి 26నే స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నవాళ్లకు ఆగస్టు పదిహేను కొత్త తేదీ. 1950లో పాత తేదీ గణతంత్ర దినంగా తిరిగొచ్చింది. పల్లెకు ఇదే బాగా కుదిరింది కూడా. సంక్రాంతి ముగ్గులు ఇంకా పూర్తిగా చెరగవు. ఏటిలో కాస్త నీళ్లుంటాయి. పెద్ద పంట కోతకొచ్చే వేళ. రాత్రికి పెట్రోమాక్స్ లైటు వెలుగులో హరికథో బుర్రకథో పెట్టుకుంటే, జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. దేవుడి కల్యాణాలకు నేర్చుకున్న కోలాటం, చెక్కభజనలే గాంధీ పటం ముందూ ఆడారు. కొత్త పండుగకు ఊరు తన పాత సామానే వాడుకుంది.

పాట మాత్రం కొత్తది నేర్వాల్సి వచ్చింది. 1950 జనవరి 24న జనగణమన జాతీయగీతమైంది. అర్థం తెలియకపోయినా రాగం పోకూడదని అయ్యవార్లు పదేపదే వల్లె వేయించేవారు. ఆ పాటకు రవీంద్రనాథ్ ఠాగూర్ ఇంగ్లిషు అనువాదం చేసింది మన పక్కనే, పూర్వపు చిత్తూరు జిల్లా మదనపల్లెలో. 1919 ఫిబ్రవరిలో అక్కడి థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు. స్వరాలు రాసిపెట్టింది ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్.

తర్వాత తర్వాత ఈ పండుగకూ ఆచారాలు ఏర్పడ్డాయి. ఎనిమిదింటికి జెండా, ఆ తర్వాత ఉపన్యాసం, ఆటల పోటీల బహుమతులు, మిఠాయి. మామూలు పౌరులు ఏడాదిలో ఏ రోజైనా ఇంటి మీద జెండా ఎగరేసుకునే వీలు 2002 జనవరి 26 నుంచి వచ్చింది. చేతితో వడికి నేసిన జెండాయే ఉండాలన్న నిబంధన 2021 డిసెంబరులో పోయింది. మరమగ్గం మీద నేసిందైనా, పాలిస్టరుదైనా ఫర్వాలేదు. 2022లో ఇంటింటా జెండా కార్యక్రమంతో పెట్టె అడుగున దాచుకోవాల్సిన వస్తువు కొట్లో కట్టలుగా అమ్మే సరుకైంది.

అన్నట్టు, 2023 ఆగస్టు 15న తిథి ఏమిటో తెలుసా? అధిక శ్రావణ బహుళ చతుర్దశి. 76 ఏళ్ల కిందటిదే. మర్నాడు అమావాస్య. ఎనిమిదింటికల్లా బడుల్లో జెండా ఎగిరింది. ఆ రోజు మంచిదా కాదా అని పంచాంగం తీసినవాళ్లెవరూ లేరు.