అరటి బోదెకు లెక్క కట్టిన బాపట్ల కాలేజీ పిల్లలు

తెనాలి నుంచి కొల్లిపర వైపు వెళ్తుంటే, గెలలు కోసేశాక అరటి బోదెలు గట్ల మీద గుట్టలుగా కనిపిస్తాయి. వాటిని తీయించడానికి మళ్లీ కూలి మనమే ఇస్తాం. రేపల్లె వైపు వెళ్తే వరిగడ్డి, కాలవల్లో గుర్రపుడెక్క. చెత్తే బంగారం అని అందరూ అంటారు గానీ చేతికి రూపాయి రాదు. ఎందుకు రాదో రావెప్ పిల్లలు మా వైపు వచ్చినప్పుడు దగ్గరుండి చూశాను.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నాటిది. బీఎస్సీ చివరి ఏడాదిలో విద్యార్థులు రావెప్ కింద ఊళ్లలో రైతుల మధ్య ఉంటారు. 2015లో వచ్చిన స్టూడెంట్ రెడీ కార్యక్రమంలో ఇదీ భాగమే. వర్మీకంపోస్టు లాంటివి తామే తయారుచేసి, అమ్మి, లాభనష్టాలు చూసుకునే శిక్షణ కూడా అందులో ఉంటుంది.

వాళ్లు వచ్చీ రాగానే గుంట తవ్వలేదు, తూకం వేశారు. పచ్చి బోదెలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. ట్రాక్టరుకు ఎత్తి షెడ్డుకు తోలితే మనం కిరాయి కట్టేది ఆ నీళ్లకే. అందుకని బెడ్డునే తోట గట్టుకు తెచ్చారు. బోదెను ముక్కలు కొట్టి నాలుగు రోజులు వాడబెట్టి, పేడతో కలిపి రెండు మూడు వారాలు మగ్గనిచ్చారు. వేడి పూర్తిగా తగ్గాకే వానపాములు వదిలారు. ఈ తొందర దగ్గరే చాలామందికి పాములు చచ్చిపోతాయి, వీడియోలో ఆ భాగం వదలకుండా చూడండి. తెనాలి మార్కెట్లో పారేసే నిమ్మకాయలు కూడా వేద్దామని ఒకరన్నారు. వద్దన్నాం, ఆ పులుపు పాములకు పడదు.

డ్వాక్రా గ్రూపులో ఒకామె, "పేడ మా ఇంట్లోదేగా, దానికి లెక్కేంటి?" అంది. "అక్కా, బయట కొంటే ఎంత పడుద్ది? నీ కూలి కూడా రాయి" అన్నాడు ఆ అబ్బాయి. నాకు బాగా నచ్చింది ఇదే. ఆ లెక్క రాశాకే తెలిసింది, ట్రాలీల లెక్కన అమ్మితే కూలి గిట్టదు, జల్లించి చిన్న సంచుల్లో మిద్దెతోటల వాళ్లకు ఇస్తేనే మిగులుతుందని. సంచి మీద పేరు వేసి అమ్మాలంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలు ఉన్నాయి. తేమ 15 నుంచి 25 శాతం, సేంద్రియ కర్బనం కనీసం 18, నత్రజని కనీసం 1 శాతం ఉండాలి. 4 మి.మీ. జల్లెడలో 90 శాతం దిగాలి. మన వాళ్లు తడి ఆరకుండానే సంచి కట్టేస్తారు, కొన్నవాళ్లు రెండోసారి రారు.

పాలేకర్ గారి పద్ధతి వాళ్లు ఆ ఎర్ర పాములు వద్దంటారు, తెలుసు. నా పొలానికి నేనూ ఘనజీవామృతమే వేస్తాను. ఇది మాత్రం అమ్మే సరుకు, టౌన్లో వర్మీ అనే అడుగుతున్నారు.

అసలు భయం పిల్లలు వెళ్లిపోయాక. మే నెల ఎండకు బెడ్డు మీద గోనె తడిపేవాళ్లు లేకపోతే వారంలో అంతా పోతుంది. అందుకే వెళ్లేముందు లెక్కల పుస్తకం, జల్లెడ, కొనేవాళ్ల ఫోన్ నంబర్లు గ్రూపులో ఇద్దరు అక్కల చేతికి అప్పగించారు. పాములు పెరిగాయి, పక్క ఊరి వాళ్లు బెడ్డుకు కావాలని అడుగుతున్నారు. వాటికీ ధర కట్టమన్నాను.

ఇప్పుడు గుర్రపుడెక్క కూడా వేద్దామా అంటున్నారు. పొలం కాలవలోదైతే పూతకు రాకముందే తీసి వేయొచ్చు. టౌన్ మురుగు కలిసే చోటది మాత్రం వద్దు, నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటివి అది పీల్చేసుకుంటుంది.