హరిత సర్టిఫికెట్లు: కనీస ధర వేరు, మద్దతు ధర వేరు

గాలి, ఎండ, చెరకు పిప్పి వంటి వాటితో తీసిన వెయ్యి యూనిట్ల విద్యుత్తుకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. కరెంటును ఒకరికి, సర్టిఫికెట్‌ను మరొకరికి అమ్ముకోవచ్చు. వాడకంలో ఇంత వాటా హరిత విద్యుత్తు ఉండి తీరాలన్న నిబంధన గల పంపిణీ సంస్థలు, సొంత విద్యుత్ కేంద్రాలున్న ఫ్యాక్టరీలే ప్రధాన కొనుగోలుదారులు.

మన దేశంలో 2011 మార్చిలో ఎక్స్ఛేంజీలలో లావాదేవీలు మొదలయ్యాయి. కనీస ధర ఉన్నది గదా అని ధీమా పడినవారు లేకపోలేదు. సౌర రకానికి 2012లో 9,300 రూపాయలున్న ఆ ధర 2015లో 3,500కు, 2017లో 1,000కి దిగింది. వడ్లకు మద్దతు ధర ప్రకటిస్తే సర్కారు కొంటుంది. ఇక్కడ అంతకు తక్కువకు అమ్మరాదన్నారే గాని, మిగిలిన సరుకు కొనే నాథుడు లేడు. నిల్వలు పేరుకున్నాయి. 2020 జూలై నుంచి 2021 నవంబరు దాకా వ్యాజ్యం మూలంగా వ్యాపారమే నిలిచిపోయింది.

2022 డిసెంబరు నుంచి కనీస, గరిష్ఠ ధరలు రెండూ పోయాయి. చెల్లుబాటు గడువూ పోయింది. సరుకు మురగదు గాని, పాత నిల్వ కొత్తదానికి పోటీ వస్తుంది. ధరలు వెనుకటి వెయ్యి రూపాయల మెట్టుకు చాలా దిగువకు జారాయి. లైసెన్సు గల విద్యుత్ ట్రేడర్లకూ ఇప్పుడు ప్రవేశం ఉన్నది. స్టాకు పట్టదలచినవారు, వాటా నెరవేర్చని సంస్థలపై రాష్ట్ర కమిషన్లు జరిమానా వేస్తున్నాయా, లేక బకాయిని వచ్చే ఏటికి నెడుతున్నాయా అన్నది ముందుగా విచారించుకోవాలి.